తెలుగు ఇంటికి చదువు అలవాటు చేసిన మునగాల దివాను
‘అ’కారంతోనే ఆగిన విజ్ఞాన సర్వస్వం.. 46 ఏళ్లకే ముగిసిన కొమర్రాజు జీవితం

మునగాల: పెనుగంచిప్రోలు అనగానే మునేటి ఒడ్డున కొలువైన తిరుపతమ్మ తల్లి ఆలయమే ఎవరికైనా గుర్తుకొస్తుంది. తిరునాళ్లకు వేలాదిగా తరలివచ్చే భక్తుల్లో, ఆ ఊరు తెలుగువారికి ఒక మహా పాఠకుణ్ణి కూడా ఇచ్చిందని తెలిసినవారు బహు తక్కువ. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877 మే 18న అక్కడే జన్మించారు. హైదరాబాద్, విజయవాడ రహదారి మీద సూర్యాపేట దాటాక వచ్చే మన మునగాల ఆయన కార్యక్షేత్రమైంది. ఆయనను చరిత్రకారుడని, శాసన పరిశోధకుడని, విజ్ఞాన సర్వస్వ నిర్మాత అని పాఠ్యపుస్తకాలు పరిచయం చేస్తాయి. అవన్నీ నిజమే. అయితే సామాన్య గృహస్థు తన ఇంట కూర్చుని, తన భాషలో, తనకు తానుగా ఒక శాస్త్ర గ్రంథాన్నో చరిత్ర పుస్తకాన్నో చదువుకోవడం అనే అలవాటును మన ప్రాంతంలో పాదుకొల్పిన వారిలో ఆయన ముందు వరుసలో నిలుస్తారు. ఈ సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

లక్ష్మణరావు తల్లి గంగమ్మ, తండ్రి వెంకటప్పయ్య. తండ్రి మునగాల సంస్థానంలో కొలువు చేశారు. కుమారునికి మూడేళ్ల వయసులోనే ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత సవతి అన్న శంకరరావు ఈ కుటుంబాన్ని నల్గొండ ప్రాంతానికి తీసుకెళ్లి పోషించారు. లక్ష్మణరావు ప్రాథమిక విద్య భువనగిరిలో సాగింది.

తమ్ముడి పాఠం.. అక్క చదువు

ఆయన కంటే మూడేళ్లు పెద్దదైన అక్క పేరు అచ్చమాంబ. ఆనాటి ఆచారం ప్రకారం ఆమెకు చిన్న వయసులోనే మేనమామ భండారు మాధవరావుతో వివాహం జరిగింది. ఆమె బడి ముఖం చూడలేదు. తమ్మునికి పాఠం చెప్పడానికి ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చినప్పుడు పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకున్నారు. ఆ తర్వాత స్వయంకృషితో మరికొన్ని భాషలు కూడా పట్టుబడ్డాయి. ఒక ఇంట్లో ఒకరికి చెప్పిన పాఠం ఇద్దరిని పండితులను చేసిందన్నమాట. లక్ష్మణరావు తర్వాతి జీవితమంతా ఈ సంఘటన నీడలోనే నడిచిందని ఈ విలేకరి అభిప్రాయం. ఇంగ్లిషు రాని వారికి, బడికి వెళ్లలేని వారికి తెలుగులోనే సమస్త విజ్ఞానమూ అందాలన్న పట్టుదల ఆయనకు ఏ గ్రంథం వల్లనో కలిగింది కాదు. అటువంటి పాఠకురాలిని ఆయన కళ్లారా చూశారు.

మాధవరావు మధ్య పరగణాల్లో ఇంజినీరింగ్ శాఖ ఉద్యోగి. అచ్చమాంబ తల్లిని, తమ్ముడిని తన వద్దకే పిలిపించుకున్నారు. నాగపూర్‌లో ఉంటూ లక్ష్మణరావు ఉన్నత విద్య పూర్తి చేశారు. అక్కడ మరాఠీ ఆయనకు మాతృభాషతో సమానమైంది. మహారాష్ట్ర పత్రికలకు వ్యాసాలు రాశారు. మోరోపంత్ కవి రచించిన భారతాన్ని పరిష్కరించారు. మరాఠీవారు తమ భాషలో చరిత్ర, శాస్త్రం, జీవిత చరిత్రలు వచనంలో రాసుకుని చదువుకోవడం దగ్గరగా చూసిన తెలుగు యువకునికి, మన భాషలో ఆ కొరత ఎంత పెద్దదో తెలిసివచ్చింది. ఉద్యోగంలో చేరిన తర్వాత, 1902లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ప్రైవేటుగా ఎం.ఏ. పట్టా పొందారు.

మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆయనను దివానుగా నియమించారు. రాజా, దివాను దాదాపు సమవయస్కులు. సంస్థానపు లెక్కలు, వ్యవహారాలు ఒకవైపు, పుస్తకాలు మరోవైపు. రాజా అడ్డు చెప్పకపోగా అండగా నిలిచారు.

ఇక్కడ మునగాల స్థితిని కొంచెం చెప్పుకోవాలి. నేటి తరానికి ఇది వింతగా తోస్తుంది. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ మునగాల పరగణా. పరిపాలన మాత్రం మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాది. ఒక ద్వీపం వంటిదన్నమాట. ఒక అడుగు బ్రిటిషు చట్టంలో, మరొక అడుగు హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. మద్రాసు వైపు వెలువడే తెలుగు పత్రికలు, పుస్తకాలు, సభల ముచ్చట్లు మునగాలకు సులువుగా చేరేవి. అడుగు బయట పెడితే పరిస్థితి వేరు. అక్కడ తెలుగువారే అధికులైనా తెలుగుకు ఆదరణ లేదు. ఈ తేడా దివానుగారికి ప్రతిదినం కళ్ల ముందు కనిపించేదే. భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడిన తర్వాత మునగాల నల్గొండ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది.

ఒకరు చదివితే పదిమంది వినేవారు

ఆనాడు ఊళ్లలో చదువు అంటే ఏమిటి? వీధిబడిలో ఇసుక మీద అక్షరాలు దిద్దడం, పెద్దబాలశిక్ష వల్లె వేయడం, కొన్ని శతక పద్యాలు కంఠస్థం చేయడం. అంతటితో చాలామంది చదువు ముగిసేది. పుస్తకం అంటే గుడి మంటపంలోనో పెద్దల అరుగు మీదనో ఒకరు రాగయుక్తంగా చదివితే చుట్టూ పదిమంది కూర్చుని వినేది. భారతం, భాగవతం, రామాయణం అలాగే జనంలోకి వెళ్లాయి. చదివేవారు ఒకరు, అర్థం చెప్పేవారు మరొకరు. వినేవారిలో అక్షరం రానివారే ఎక్కువ. ఉత్తరం వచ్చినా కరణం వద్దకో బడిపంతులు వద్దకో తీసుకెళ్లాల్సిందే. దీన్ని తక్కువ చేసి చూడనవసరం లేదు. అక్షరం రాకపోయినా వందల పద్యాలు నోటికి వచ్చిన రైతులు మన పల్లెల్లో ఉండేవారు. అయితే ఆ పఠనం పుణ్యం కోసం, కాలక్షేపం కోసం. కలరా ఎందుకు వస్తుందో, వంద మైళ్ల అవతల ఏమి జరుగుతున్నదో, తన ఊరి గుట్ట మీది శాసనంలో ఏమున్నదో తెలుసుకోవడానికి చదువుకోదగిన పుస్తకం తెలుగులో దాదాపుగా లేదు.

నిజాం రాజ్యంలో పరిస్థితి మరీ దయనీయం. 1901 జనగణన నాటికి అక్కడ అక్షరాస్యులు నూటికి సుమారు ముగ్గురు. ప్రభుత్వ భాష ఉర్దూ. హైదరాబాద్‌లో 1891లోనే ఆసఫియా గ్రంథాలయం వెలిసినప్పటికీ దానిలో ప్రధానంగా ఉన్నవి అరబ్బీ, పారశీ, ఉర్దూ గ్రంథాలు. తెలుగువాడు వెళ్లి తెలుగు పుస్తకం అడిగి చదువుకునే చోటు రాజధానిలో లేదు.

ఆ లోటును తీర్చడానికి 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ప్రారంభమైంది. దాని వెనుక రంగారావుతో పాటు మునగాల రాజా, దివాను లక్ష్మణరావు ఉన్నారు. అప్పటికి లక్ష్మణరావుకు 24 ఏళ్లు. కోస్తాలో అంతకు పదిహేనేళ్ల ముందు, 1886లోనే విశాఖపట్నంలో గ్రంథాలయం నెలకొన్నది. తెలంగాణకు మాత్రం ఇదే తొలి అడుగు. 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం, మరుసటి ఏడాది సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి. రాజు పేరు పెట్టుకున్నా ఇవి రాజమందిరాలు కావు. గుమస్తాలు, వకీళ్లు, బడిపంతుళ్లు, విద్యార్థులు సాయంత్రం పూట వచ్చి బల్లల చుట్టూ కూర్చునేవారు. ఒకరు పెద్దగా చదివితే మిగిలినవారు వినే పద్ధతి నుంచి, ఎవరికి వారు మౌనంగా చదువుకునే పద్ధతికి మన సమాజం మళ్లిన చోట్లలో ఇవి ముఖ్యమైనవి.

ఇదే కాలంలో అచ్చమాంబ తన కలాన్ని సాగించారు. భారత చరిత్రలో ప్రసిద్ధికెక్కిన స్త్రీల జీవితాలను వెదికి వెదికి అబలా సచ్చరిత్ర రత్నమాల అనే గ్రంథంగా కూర్చారు. కథలు రాశారు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి స్త్రీ సమాజం స్థాపించారు. చరిత్రలోని స్త్రీలు, వేద పురాణ కాలాల స్త్రీలు, విదేశీ స్త్రీలు అని మూడు భాగాలుగా తన గ్రంథాన్ని పూర్తి చేయాలని ఆమె సంకల్పం. కన్న పిల్లలు పసితనంలోనే పోయినా ఆమె పని ఆపలేదు. 1905 జనవరి 18న ప్లేగు ఆమెను బలిగొన్నది. అప్పటికి ఆమెకు 30 ఏళ్లు. రెండో భాగం సగంలోనే మిగిలిపోయింది.

శాస్త్రాన్ని ఇంటికి పంపిన మండలి

అక్క మరణించిన మరుసటి ఏడాది, 1906లో, లక్ష్మణరావు మిత్రులతో కలిసి హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పారు. రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆచంట లక్ష్మీపతి, అయ్యదేవర కాళేశ్వరరావు వంటివారు ఇందులో పాలుపంచుకున్నారు. గ్రంథాలయం పెట్టడం ఒక ఎత్తు. అందులో పెట్టడానికి తగిన పుస్తకాలు ఉండటం మరొక ఎత్తు. ప్రబంధాలు, పురాణాలతోనే బీరువాలు నిండితే కొత్త పాఠకుడు ఎక్కువ కాలం రాడని ఆయన గ్రహించారు. అందుకే మండలి పద్యాన్ని కాక వచనాన్ని ఎన్నుకున్నది. చరిత్ర, ప్రకృతి శాస్త్రాలు, మహనీయుల జీవితాలు, చారిత్రక నవలలు దాని పట్టికలో చేరాయి.

తొలి పుస్తకం గాడిచర్ల రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర. 1907లో వెలువడింది. కొయ్య ఇంట్లో పుట్టి, అరువు తెచ్చుకున్న పుస్తకాలు చదివి అమెరికా అధ్యక్షుడైన వ్యక్తి కథతో గ్రంథమాల మొదలుపెట్టడంలో ఎంతో ఔచిత్యం ఉంది. లక్ష్మణరావు స్వయంగా శివాజీ చరిత్ర, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము రాశారు. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం రాశారు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర 1910లో మొదలై సంపుటాలుగా వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రం కూడా ఈ మండలి పాఠకులకు అందించినదే. నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. మండలి కార్యస్థానం 1908లో మద్రాసుకు మారింది. అదే ఏడాది గాడిచర్ల తన పత్రికలో రాసిన రాతలకు రాజద్రోహ నేరంపై మూడేళ్లు జైలు పాలయ్యారు. మండలి పని మాత్రం ఆగలేదు.

చందా కట్టినవారికి పుస్తకాలు తపాలాలో వెళ్లేవి. ఇదే అసలు విశేషం. పుస్తకం కోసం పట్నం వెళ్లాల్సిన పని తప్పింది. తపాలా బంట్రోతు సంచిలో ఉత్తరాలతో పాటు ఒక శాస్త్ర గ్రంథం పల్లెకు వచ్చింది. దాన్ని ఇంటి యజమాని చదివి పక్కన పెడితే ఇల్లాలో, చదువుకునే పిల్లవాడో తీసి చదివే వీలు కలిగింది. అచ్చమాంబ వంటి పాఠకురాలికి ఇప్పుడు ఉపాధ్యాయుని రాక కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదు.

లోపాలు లేవని కాదు. దేశ చరిత్రను హిందూ, మహమ్మదీయ యుగాలుగా విడగొట్టే పద్ధతి ఆనాటి ఇంగ్లిషు గ్రంథాల నుంచి వచ్చినది. నేటి చరిత్రకారులు దాన్ని అంగీకరించరు. సరళమే అయినా ఆ భాష గ్రాంథికం. అక్షరాలు అప్పుడే నేర్చిన రైతుకు అది కొరుకుడు పడేది కాదు. ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. ఈ విద్యాదానానికి తోడ్పడిన సంస్థానపు రాబడి మునగాల రైతులు కట్టిన శిస్తు నుంచే వచ్చింది. ఆ రైతుల్లో అత్యధికులకు ఆ పుస్తకాలు చదవడం రాదు. 1930వ దశకంలో ఇదే పరగణా రైతులు జమీందారుపై ఉద్యమించారు. రెండు సంగతులూ మన ఊరి చరిత్రే.

అకారంతో ఆగిన మహాయజ్ఞం

ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క పుస్తకం వేయడంతో లక్ష్మణరావు తృప్తి చెందలేదు. సమస్త విషయాలనూ అకారాది క్రమంలో వివరించే విజ్ఞాన సర్వస్వం తెలుగులో ఉండాలని సంకల్పించారు. 1912 ప్రాంతంలో మద్రాసులో పని ఆరంభమైంది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం నెలనెలా భాగాలుగా వెలువడసాగింది. అంత పెద్ద గ్రంథాన్ని ఒక్కసారి కొనలేని మధ్యతరగతి ఇంటికి ఇది వెసులుబాటు.

లక్ష్మణరావు అనేక విషయాలపై స్వయంగా వ్యాసాలు రాశారు. వైదిక వాఙ్మయం నుంచి వ్యాకరణం వరకు, చరిత్ర నుంచి గణితం, జ్యోతిషం వరకు ఏది తీసుకున్నా మూలగ్రంథాలు చూడనిదే వాక్యం రాసేవారు కారు. మద్రాసు కన్నెమరా గ్రంథాలయం ఆయనకు రెండో ఇల్లయింది. పెద్ద పట్టాలు లేని మల్లంపల్లి సోమశేఖరశర్మ ఆయన వద్ద చేరి సర్వస్వం పనిలో తోడ్పడుతూ, శాసనాలు చదవడంలో ఆరితేరి, తర్వాతి కాలంలో ఆంధ్ర చరిత్రకు పెద్దదిక్కయ్యారు. ఆయన పట్టాలు చూసి మనుషులను ఎంచుకోలేదనడానికి ఇదొక నిదర్శనం. బడికి వెళ్లని అక్క పాండిత్యాన్ని ఎరిగిన తమ్ముడు కదా.

మూడు సంపుటాలు వెలువడ్డాయి. మూడూ అకారంతో మొదలయ్యే విషయాలే. ఒక్క అక్షరానికే అన్ని పుటలు పడితే, క్షకారం చేరేసరికి ఎన్నేళ్లు పట్టేదో ఊహకు అందదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి కాగితం ధరలు పెరిగాయి. ఖర్చు మోయడం కష్టమై పని నిలిచిపోయింది. వేసుకున్న కొలత మరీ పెద్దదని, కొంత కుదించుకుని ఉంటే ఆయన జీవితకాలంలోనే పూర్తయ్యేదని అనిపించకమానదు. కానీ కొలత తగ్గించుకునే స్వభావం ఆయనది కాదు.

మద్రాసు ఎగ్మూరులోని ఆయన నివాసం వేదవిలాస్ తెలుగు పండితులకు, సంస్కర్తలకు విడిదిగా ఉండేది. 1919 మే 27న కందుకూరి వీరేశలింగం పంతులు తుదిశ్వాస విడిచినది ఆ ఇంట్లోనే. నాలుగేళ్లు గడిచాయి. ఆంధ్రపత్రిక అధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆర్థిక భారం వహించడానికి ముందుకు రావడంతో సర్వస్వం పని తిరిగి మొదలైంది. పాత సంపుటాల సంస్కరణ సాగుతున్నది. కానీ లక్ష్మణరావును ఉబ్బస వ్యాధి వేధిస్తున్నది. 1923 జూలై 12న అదే ఇంట్లో ఆయన కన్నుమూశారు. వయసు 46 ఏళ్లు. అక్క గ్రంథం రెండో భాగంలో ఆగితే, తమ్ముని గ్రంథం మొదటి అక్షరంలో ఆగింది. నాగేశ్వరరావు పంతులు ఆ తర్వాత 1930వ దశకంలో కొన్ని సంపుటాలను ప్రచురించి మిత్రుని రుణం కొంత తీర్చుకున్నారు.

ఆయన పేరు మీద హైదరాబాద్‌లో లక్ష్మణరాయ పరిశోధక మండలి పనిచేసింది. ఆదిరాజు వీరభద్రరావు వంటివారి కృషితో ఆ మండలి 1935లో తెలంగాణ శాసనాల సంపుటిని ప్రచురించింది. గ్రంథాలయాలు ఊరూరా పాకాయి. సభ జరపాలంటే నిజాం సర్కారు అనుమతి తప్పనిసరి అయిన రోజుల్లో, పఠన మందిరం పేరిట పదిమంది కలుసుకునే చోటు దొరికింది. పుస్తకాల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. దివానుగారు తపాలాలో పంపిన పుస్తకం ఈసారి కాలినడకన వచ్చిందన్నమాట. పైగా ఆ పుస్తకాల భాష సామాన్యుని నోటి మాటకు దగ్గరైంది.

1980వ దశకంలో ఈ విలేకరి చిన్ననాట చూసిన ఊరి గ్రంథాలయంలో ఒకే దినపత్రికను నాలుగు ముక్కలు చేసి నలుగురు పెద్దలు పంచుకుని చదివేవారు. జిల్లా పేజీ ఎవరి చేతిలో ఉంటే వారి వెనుక ఇద్దరు నిలబడేవారు. చదవడం రాని ఒక రైతు ధరల పట్టిక చదివించుకోవడానికే ప్రతిదినం వచ్చేవాడు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమందరం కడుతూనే ఉన్నాం. అది గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరక పుస్తకాల కొనుగోలు కుంటుపడటం మాత్రం పలుచోట్ల వినిపించే మాటే.

శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో నేటికీ ఉంది. లక్ష్మణరావు వ్యాసాలు లక్ష్మణరాయ వ్యాసావళిగా వెలువడ్డాయి. ఆయన కుమార్తె 1906లో జన్మించారు. అంతకు ముందు ఏడాది పోయిన మేనత్త పేరే ఆమెకు వచ్చింది. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగా ఆమె విజయవాడలో వైద్యం చేశారు. పల్లె స్త్రీలకు మంత్రసాని పనిలో శిక్షణ ఇచ్చారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ప్రసూతి, శిశుపోషణ గురించి గర్భిణులు తమంతట తాము చదువుకోవడానికి వీలుగా ఆమె తెలుగులో ఒక పుస్తకం రాశారు. ఆ పుస్తకం చాలా ఇళ్లకు చేరింది.